బిల్లులో ఈ కొత్త పేరేంటి? శాన్ హోసే క్లీన్ ఎనర్జీలో ఉండాలా, బయటికి రావాలా?

బెర్రియెస్సా_కొత్తిల్లు · శనివారం ఉదయం 9:40

అందరికీ నమస్కారం. టెక్సస్ నుంచి మేం ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది. శాన్ హోసేలో బెర్రియెస్సా వైపు టౌన్‌హోమ్ కొన్నాం. మొన్న వచ్చిన కరెంటు బిల్లు తీరిగ్గా చూస్తే అందులో రెండు పేర్లు కనపడ్డాయి. డెలివరీ ఛార్జీలు ఇక్కడి పాత కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ పేరు మీద, జనరేషన్ ఛార్జీలు శాన్ హోసే క్లీన్ ఎనర్జీ పేరు మీద. ఈ రెండో వాళ్ళతో నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదే!

డాలస్‌లో కరెంటు కంపెనీని మేమే ఎంచుకునేవాళ్ళం. ఏడాదికోసారి కూర్చుని రేట్లు పోల్చి మారడం అలవాటు. ఇక్కడ అడక్కుండానే చేర్చేశారు. మా ఆవిడ "ఇదేదో మోసంలా ఉంది, తీసేయించండి" అంటోంది. మా నాన్నగారు గుడివాడ నుంచి వచ్చి ఉన్నారు. ఆయన కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన ప్రశ్న ఇంకోటి: "తీగలు ఒకళ్ళవి, కరెంటు ఇంకొకళ్ళదీ అయితే, రాత్రి పూట ఫ్యూజు పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలిరా?"

ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

అల్మేడెన్_పాతకాపు · శనివారం ఉదయం 10:15

ముందు మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు: ఫ్యూజు పోయినా, స్తంభం విరిగినా, మీటరు ఆగినా పీజీ అండ్ ఈ కే ఫోన్ చెయ్యాలి. తీగలు, స్తంభాలు, మీటరు, బిల్లు అన్నీ వాళ్ళవే. ఆ తీగల్లో మీకొచ్చే కరెంటును టోకున ఎవరు కొంటున్నారు అన్నదొక్కటే మారింది. ఆ కొనే పని నగరపాలక సంస్థ తీసుకుంది. శాన్ హోసే క్లీన్ ఎనర్జీ అంటే ప్రైవేటు కంపెనీ కాదు, సిటీలో ఒక విభాగం. రేట్లు సిటీ కౌన్సిల్ బహిరంగ సమావేశంలో నిర్ణయిస్తుంది. వాటాదార్లు లేరు, డివిడెండ్లు లేవు.

దీనికి మూలం 2000-01లో కాలిఫోర్నియాలో వచ్చిన కరెంటు సంక్షోభం. కరెంటు వ్యాపారంలో మాయ చేసిన ఎన్‌రాన్ కంపెనీ గోల గుర్తుందిగా? అది చూశాక 2002లో రాష్ట్రం ఒక చట్టం చేసింది. ఏ ఊరైనా, కౌంటీ అయినా తన ప్రజల తరఫున కరెంటు కొనుక్కోవచ్చు అని. అయినా ఎనిమిదేళ్ళు ఎవరూ కదల్లేదు. 2010లో మారిన్ కౌంటీ వాళ్ళు మొదలుపెట్టారు. అదే ఏడాది జూన్‌లో ఓ ప్రజాభిప్రాయ ప్రతిపాదన వచ్చింది. ఇలా చేయాలంటే మూడింట రెండొంతుల ఓట్లు తప్పనిసరి చెయ్యాలి అని. దానికి పీజీ అండ్ ఈ 4 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది. ఓడిపోయింది. ఆ తర్వాత ఊరూరా మొదలైంది. పక్కన కుపర్టినో, సన్నీవేల్, మౌంటెన్ వ్యూ వాళ్ళు కలిసి సిలికాన్ వ్యాలీ క్లీన్ ఎనర్జీ పెట్టుకున్నారు, 2017 ఏప్రిల్‌లో సరఫరా మొదలైంది. మన శాన్ హోసే ఎవరితోనూ కలవకుండా సొంతంగా పెట్టుకుంది. 2017 మేలో కౌన్సిల్ ఆమోదించింది, 2018 సెప్టెంబరులో ముందు సిటీ భవనాలకి, 2019లో ఇళ్ళకి ఇచ్చారు.

ఇక సంతకం సంగతి. చట్టంలోనే అలా రాశారు. ఊరు నిర్ణయించుకుంటే అందరూ అందులోకి వస్తారు, వద్దన్నవాళ్ళు బయటికి పోవచ్చు. పోస్టులో నోటీసులు వస్తాయి. ఇల్లు మారిన హడావుడిలో చెత్తబుట్టలో వేసుంటారు, మేమూ అదే చేశాం.

లెక్కల_మాస్టారు · శనివారం ఉదయం 10:52

పాతకాపు గారు చెప్పింది నిజమే, కానీ సగం. మిగతా సగం బిల్లు రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పీసీఐఏ అని ఒక లైను చూడండి.

పీజీ అండ్ ఈ ఒకప్పుడు మనందరి కోసం ఇరవై ఏళ్ళకి ఒప్పందాలు చేసుకుంది. అప్పట్లో సోలార్ ఖరీదు. ఇప్పుడు మనం "మా సిటీ కొంటుంది" అని బయటికి వచ్చేశాం. మరి ఆ పాత ఖరీదైన ఒప్పందాల భారం ఎవరు మోయాలి? అక్కడే మిగిలినవాళ్ళ మీద పడకూడదని, వెళ్ళినవాళ్ళ దగ్గర వసూలు చేసే రుసుము ఇది. ఉమ్మడి కుటుంబంలోంచి వేరు కాపురం పెట్టినా పాత అప్పులో వాటా కట్టాల్సిందే కదా, అలాంటిదే.

ఈ రుసుము ఏటా మారుతుంది. 2021లో బాగా పెరిగింది. ఆ దెబ్బకి శాన్ హోసే రేటు కొంతకాలం పీజీ అండ్ ఈ కంటే ఎక్కువగా ఉంది. ఇది ప్రచార పత్రాల్లో పెద్దగా కనపడదు. కాబట్టి డబ్బు ఆదా అవుతుందని చేరితే నిరాశే. ఆదా వచ్చినా జనరేషన్ భాగంలో ఏదో కొంత శాతం. బిల్లులో సగానికి పైగా డెలివరీదే, దాన్ని సిటీ ముట్టుకోలేదు.

బెర్రియెస్సా_కొత్తిల్లు · శనివారం ఉదయం 11:05

మరైతే ఇదంతా ఎందుకండీ? డబ్బు మిగలదు, కరెంటు పోతే ఫోన్ కూడా పాతవాళ్ళకే. ఒక పేరు ఎక్కువ, అంతేగా?

కంకిపాడు_కోడలు · శనివారం మధ్యాహ్నం 12:30

ఆ డబ్బుతో ఏ కరెంటు కొంటున్నారు అన్నదే తేడా తమ్ముడూ.

నాకు మొదట్లో అస్సలు అర్థం కాలేదు. కాలువ మీద హైడ్రో, ఎడారిలో సోలార్, గ్యాస్ ప్లాంటు, అన్నీ ఒకే తీగల్లోకి వస్తాయి. మా ఇంటికి ప్రత్యేకంగా పచ్చ కరెంటు పంపే తీగ ఏమీ లేదుగా? ఒకరోజు మా అత్తగారే విప్పి చెప్పారు. మా ఊళ్ళో పాలకేంద్రం ఉంది. పొద్దున్నే అందరూ గిన్నెలు తెచ్చి ఒకే క్యాన్‌లో పోస్తారు. సుబ్బమ్మ గేదె పాలూ, రాఘవయ్య గేదె పాలూ కలిసిపోతాయి. మనింటికొచ్చే ప్యాకెట్లో ఎవరి పాలో చెప్పలేం. కానీ మన డబ్బు ఎవరికి వెళ్తుందో పుస్తకంలో రాసి ఉంటుంది. పచ్చగడ్డి మేపే రైతుకే మన డబ్బు పోవాలి అని ఊరంతా అనుకుంటే, మరుసటేడు క్యాన్‌లో అలాంటి పాలే ఎక్కువవుతాయి.

సిటీ చేస్తున్నది అదే. పెద్ద సోలార్, బ్యాటరీ ప్రాజెక్టులతో పది, పదిహేనేళ్ళ ఒప్పందాలు చేసుకుంటే, ఆ కాగితం చూపించి వాళ్ళు బ్యాంకు అప్పు తెచ్చుకుని కడతారు. ఇలా కొనేవాళ్ళు దొరక్కపోతే అవి కాగితం మీదే ఉండిపోతాయి.

అల్మేడెన్_పాతకాపు · శనివారం మధ్యాహ్నం 12:48

కోడలు గారూ, మీ పాలకేంద్రం నేను వాడేసుకుంటా, ఆఫీసులో చెప్పడానికి.

దానికో ఉదాహరణ. మొహావీ ఎడారిలో, కెర్న్ కౌంటీలో ఎడ్వర్డ్స్ అండ్ శాన్‌బార్న్ అని ఒక ప్రాజెక్టు ఉంది. 875 మెగావాట్ల సోలార్, దాంతోపాటు 3,287 మెగావాట్ అవర్ల బ్యాటరీలు. పందొమ్మిది లక్షల ప్యానెళ్ళు, 4,600 ఎకరాలు, అందులో కొంత ఎయిర్‌ఫోర్స్ స్థలం. 2024 జనవరికి పూర్తయింది. దాని కరెంటు కొనేవాళ్ళలో శాన్ హోసే నగరం ఒకటి. స్టార్‌బక్స్ కూడా ఉంది, అది వేరే సంగతి. ఓసారి లాస్ ఏంజెలస్ నుంచి మొహావీ మీదుగా డ్రైవ్ చేసుకుంటూ వస్తే దూరం నుంచి సముద్రంలా కనిపించింది. మా పాప "నాన్నా, బీచ్!" అంది.

వరంగల్_పిల్ల · శనివారం మధ్యాహ్నం 1:20

మంచిగ చెప్పిండ్రు అందరు. కాని నాకొక డౌటు. నేను నార్త్ శాన్ హోసేలో అపార్ట్‌మెంట్‌ల కిరాయికి ఉంటున్న. రూఫ్ నాది కాదు. ఈ సోలార్ ముచ్చట్లన్ని సొంతిల్లు ఉన్నోళ్ళకే కదా?

కంకిపాడు_కోడలు · శనివారం మధ్యాహ్నం 1:34

లేదు చెల్లీ, అసలు దీంట్లో లాభం కిరాయి వాళ్ళకే. నీ పేరు మీద మీటరు ఉంటే చాలు, మేడ మీద ఏమీ పెట్టక్కర్లేదు. సిటీ మామూలుగా ఇచ్చే ప్లాను గ్రీన్‌సోర్స్, అందులో పునరుత్పాదక వాటా అరవై శాతం చుట్టుపక్కల ఉంటుంది. టోటల్‌గ్రీన్ అనే ప్లాను తీసుకుంటే నూటికి నూరు శాతం, యూనిట్‌కి కొద్దిగా ఎక్కువ. ఆన్‌లైన్‌లో రెండు నిమిషాల పని. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి బిల్లు మీద 20 శాతం తగ్గించి సోలార్ కరెంటే ఇచ్చే పథకం కూడా ఉంది, స్టూడెంట్లు ఎవరైనా ఉంటే ఓసారి అర్హత చూసుకోండి.

లెక్కల_మాస్టారు · శనివారం మధ్యాహ్నం 2:10

ఆ "నూటికి నూరు శాతం" అన్నది ఏ లెక్కో చూద్దాం. సంవత్సరం మొత్తంలో మీరు వాడిన యూనిట్లకు సమానంగా ఎక్కడో అన్ని పచ్చ యూనిట్లు కొన్నారు అని అర్థం. రాత్రి ఎనిమిదింటికి మీ ఫ్రిజ్ సోలార్‌తో నడుస్తోందని కాదు. కోడలు గారి పాలకేంద్రం భాషలోనే చెప్తా. మధ్యాహ్నం పాలు పొంగి పొర్లిపోతుంటాయి, సాయంత్రం టీ వేళకి క్యాన్ ఖాళీ. అప్పుడు గ్యాస్ ప్లాంటు పాలపొడి కలపాల్సిందే.

ఇది నేను ఎగతాళికి అనడం లేదు. ఇక్కడ అసలు సమస్యంతా ఆ సాయంత్రమే. మధ్యాహ్నం గ్రిడ్‌కి కావాల్సిన దానికంటే సోలార్ ఎక్కువై కొన్ని ప్లాంట్లను ఆపేస్తారు. సూర్యుడు దిగిపోయే గంటలోనే జనం ఇంటికొస్తారు, ఏసీ వేస్తారు, వంట మొదలుపెడతారు. రోజంతా వాడకంలోంచి సోలార్ తీసేయగా మిగిలినదాన్ని గీత గీస్తే బాతు ఆకారంలో ఉంటుందని ఇక్కడివాళ్ళు దాన్ని బాతు అనే పిలుస్తారు. 2020 ఆగస్టు 14, 15 తేదీల్లో కాలిఫోర్నియాలో వంతులవారీగా కరెంటు తీసేశారు గుర్తుందా? అది సాయంత్రమే.

మిల్పిటాస్_మూర్తి · శనివారం మధ్యాహ్నం 2:31

నాకు 2022 సెప్టెంబరు 6 గుర్తుంది. ఎండ మండిపోతోంది. రాష్ట్రం మొత్తం వాడకం 52,000 మెగావాట్లు దాటి రికార్డు కొట్టింది. సాయంత్రం ఆరు కావొస్తుంటే ఆఫీసులో ఉన్న అందరి ఫోన్లూ ఒక్కసారి గగ్గోలు పెట్టాయి. భూకంపం హెచ్చరిక అనుకున్నాం. చూస్తే "వెంటనే కరెంటు వాడకం తగ్గించండి" అని మెసేజ్. కొద్ది నిమిషాల్లోనే వాడకం వెయ్యి మెగావాట్లకు పైగా తగ్గింది. ఆ రోజు కరెంటు పోలేదు. మా ఆవిడ ఫోన్ చేసి "దోసెలు ఇప్పుడు వెయ్యనా, తొమ్మిదింటికి వెయ్యనా" అని అడిగింది. గ్యాస్ పొయ్యి మీద దోసెలు! అయినా ఆమె భయం ఆమెది.

లెక్కల_మాస్టారు · శనివారం మధ్యాహ్నం 2:50

మూర్తి గారూ, ఆ రోజుకీ ఇప్పటికీ తేడా బ్యాటరీలే. 2020లో రాష్ట్ర గ్రిడ్‌లో బ్యాటరీలు వెయ్యి మెగావాట్లు కూడా లేవు. 2024 ఏప్రిల్‌కి పది వేలు దాటాయి. అదే నెలలో ఒక సాయంత్రం గ్రిడ్‌కి అన్నిటికంటే ఎక్కువ కరెంటు ఇచ్చింది బ్యాటరీలే, కాసేపు. ఆ వార్త చదివి నేను కూడా కుర్చీలోంచి లేచా. అందుకే నా అభిప్రాయం: సిటీ వాళ్ళు ఎన్ని సోలార్ యూనిట్లు కొన్నారో కాదు, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా ఏం కొన్నారో అడగండి. ఏటా ఇంటికి ఒక పట్టిక వస్తుంది, ఏ మూలం నుంచి ఎంత శాతం అని. అది ఏడాది సగటు. గంటల లెక్క అందులో ఉండదు.

విశాఖ_సాగరతీరం · ఆదివారం ఉదయం 6:20

చర్చ బాగుంది. నేను వైజాగ్‌లో ఉంటాను, మా అమ్మాయి మీ ఫ్రీమాంట్‌లో. అందుకే ఈ ఫోరమ్ చూస్తుంటా. మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి.

ఇక్కడ మా జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వాళ్ళు చేసింది వేరే దారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరి స్తంభాలన్నీ నేలకి వంగిపోయాక, వీధి దీపాలు మళ్ళీ పెట్టేటప్పుడు ఊరంతా ఎల్ఈడీలు పెట్టారు. తర్వాత 2018లో ముడసర్లోవ జలాశయం నీళ్ళ మీద 2 మెగావాట్ల తేలియాడే సోలార్ పెట్టారు. అటు పరవాడలో సింహాద్రి బొగ్గు ప్లాంటు 2,000 మెగావాట్లది, వాళ్ళ రిజర్వాయరు మీదే 2021లో 25 మెగావాట్లు తేలేశారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ బూడిద మేఘం పక్కన నీళ్ళ మీద అద్దాలు చూస్తే నాకు ఆ రెండు అంకెలే గుర్తొస్తాయి, 2,000, 25.

నా ప్రశ్న ఏంటంటే, మా కార్పొరేషన్ కూడా మీ సిటీలాగా ఊరందరి తరఫున కరెంటు కొనొచ్చా?

అల్మేడెన్_పాతకాపు · ఆదివారం ఉదయం 8:05

సార్, నాకు తెలిసినంత వరకు ఇళ్ళకి కుదరదు. అక్కడ ఇంటి కరెంటు డిస్కమ్ (ఇళ్ళకి కరెంటు పంచే సంస్థ) దగ్గరే తీసుకోవాలి. ముంబైలో మాత్రం ఒకే ప్రాంతంలో రెండు కంపెనీలు ఉండి ఇళ్ళవాళ్ళు మారే వీలుంది, అది ప్రత్యేకం. పెద్ద వాడకందార్లకి 2003 విద్యుత్ చట్టం కింద ఓపెన్ యాక్సెస్ ఉంది, అంటే నచ్చినచోట కరెంటు కొనుక్కునే వీలు. పచ్చ కరెంటుకైతే 2022 నిబంధనల్లో ఆ పరిమితిని 1 మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకి దించారు. కాబట్టి కార్పొరేషన్ తన పంపింగ్ స్టేషన్లకి, ఆఫీసులకి కొనుక్కోవచ్చు. ఊరి జనానికి కొనిపెట్టలేదు.

విశాఖ_సాగరతీరం · ఆదివారం ఉదయం 8:40

అంటే మాకు మేడ మీద సోలారే దిక్కన్నమాట. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లకి 60,000, 3 కిలోవాట్లు ఆ పైన 78,000 రూపాయల సబ్సిడీ ఉంది కదా, అందులో మా ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టించా. ప్యానెళ్ళు బాగానే పనిచేస్తున్నాయి. పెట్టిన ఏజెన్సీ వాడితోనే తంటా. స్టాండు కాళ్ళకి మామూలు ఇనుము వాడాడు. సముద్రం గాలికి ఎనిమిది నెలల్లో తుప్పు దిగి గోడ మీద గోధుమరంగు చారలు. ఫోన్ చేస్తే "రేపు వస్తా సార్" అంటాడు. ఆ రేపు ఇంకా రాలేదు. బీచ్ దగ్గర పెట్టించేవాళ్ళు స్టాండు దేంతో చేస్తున్నారో ముందు అడగండి, ప్యానెల్ కంపెనీ పేరు తర్వాత.

వరంగల్_పిల్ల · ఆదివారం ఉదయం 9:15

అంకుల్, మా దిక్కు నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిల ఊరు మొత్తం ఇండ్ల మీద సోలార్ పెట్టిండ్రు. సీఎం సొంతూరు గనక అయింది, మిగిలిన ఊర్లకు ఎప్పుడో మరి.

మోడరేటర్ · ఆదివారం ఉదయం 9:22

సీఎంలు, పార్టీల దగ్గరే ఆగుదాం. కరెంటు మాట్లాడుకుందాం.

బెర్రియెస్సా_కొత్తిల్లు · ఆదివారం ఉదయం 10:30

మోడరేటర్ గారూ, ఒక్క పాత ముచ్చట, నాన్నగారు చెప్పమన్నారు. ఈ థ్రెడ్ మొత్తం ఆయనకి చదివి వినిపించా. "ఇందులో కొత్తేముందిరా" అన్నారు. 1999 ఫిబ్రవరిలో ఏపీఎస్ఈబీని (రాష్ట్ర విద్యుత్ బోర్డుని) కరెంటు తయారుచేసే జెన్‌కో, మోసే ట్రాన్స్‌కోగా విడదీసినప్పుడు ఆయన సర్వీసులో ఉన్నారు. మరుసటేడు డిస్కమ్‌లు వచ్చాయి. "నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఒకే బోర్డు. తయారుచేసేవాడు, మోసేవాడు, ఇంటికిచ్చేవాడు అంతా మేమే. ఓ రోజు ఆఫీసు బోర్డు మార్చారు, మా స్తంభాలు మాత్రం అవే. మీ సిటీ చేసిందీ అంతే, కొనే కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు" అన్నారు.

ఆ తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. రేట్లు పెరిగి 2000లో బషీర్‌బాగ్ కాల్పుల దాకా వెళ్ళిన రోజులు ఆయనకి బాగా గుర్తు. "ఎవరు కొన్నా సరే, ఎంతకి కొన్నారో జనానికి చెప్పాలి" అన్నారు. రేట్లు కౌన్సిల్ బహిరంగ సమావేశంలో నిర్ణయిస్తారని పాతకాపు గారు చెప్పారుగా, ఆ సమావేశాలు ఆన్‌లైన్‌లో ఉంటే ఇప్పుడు నాన్నగారికి ల్యాప్‌టాప్‌లో పెట్టిచ్చా. ఇంగ్లీషు సగమే అర్థమవుతుంది, కానీ అంకెలు పూర్తిగా అర్థమవుతాయట.

ఇంకో ప్రశ్న. మాది టౌన్‌హోమ్ కాబట్టి పైకప్పు మాదే. మేడ మీద కూడా సోలార్ పెట్టించమంటారా?

మిల్పిటాస్_మూర్తి · ఆదివారం ఉదయం 11:02

ఐదేళ్ళ కిందట అడిగుంటే కళ్ళు మూసుకుని పెట్టించమనేవాణ్ణి. ఇప్పుడు లెక్క మారింది. 2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు చేసుకున్నవాళ్ళకి, గ్రిడ్‌కి పంపిన యూనిట్‌కి ఇచ్చే ధర దాదాపు ముప్పావు వంతు తగ్గిపోయింది. మధ్యాహ్నం మీరు పంపే యూనిట్ ఎవరికీ అక్కర్లేదు మరి, పైన మాస్టారు చెప్పిన బాతు అదే. పైగా సొంతంగా కొని పెట్టించుకునే ఇళ్ళకి కేంద్రం ఇచ్చే 30 శాతం పన్ను మినహాయింపు 2025 డిసెంబరు 31తో అయిపోయింది. బ్యాటరీ లేకుండా పెట్టించడం దండగ. బ్యాటరీతో పెడితే ఖర్చు ఎక్కువ, కానీ మధ్యాహ్నం దాచుకుని సాయంత్రం వాడుకోవచ్చు.

మాకు పెట్టిన సంస్థ పేరు చెప్పను. పాతికేళ్ళ వారంటీ అన్నారు, మూడేళ్ళకి వాళ్ళే దుకాణం కట్టేశారు. ఇన్వర్టర్ పోయినప్పుడు ఇంకొకర్ని బతిమాలుకోవాల్సి వచ్చింది. వారంటీ కాగితం ఫ్రిజ్ మీద మాగ్నెట్‌తో అలానే ఉంది.

లెక్కల_మాస్టారు · ఆదివారం ఉదయం 11:25

మూర్తి గారితో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తా. ఇంకో కోణం కూడా ఉంది. పైకప్పు సోలార్ ఉన్నవాళ్ళు గ్రిడ్‌కి తక్కువ కడితే, తీగల ఖర్చు మా వరంగల్ పిల్ల లాంటి కిరాయి వాళ్ళ మీద పడుతుంది. ఇది కొందరు గట్టిగా చెప్పే వాదన. సోలార్ కంపెనీలు దీన్ని ఒప్పుకోవు, తీగలు తక్కువ వేస్తే సరిపోతుంది కదా అంటాయి. 2024 మేలో రేట్లు నిర్ణయించే రాష్ట్ర కమిషన్ ఒక మధ్య దారి ఎంచింది. ఎక్కువమంది బిల్లులో నెలకి 24 డాలర్ల చిల్లర, ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి అంతకంటే తక్కువ స్థిర ఛార్జీ పెట్టి, యూనిట్ ధర కొంచెం తగ్గించాలని. అది సోలార్ వాళ్ళకి నచ్చలేదు. పీసీఐఏలోనూ ఇదే గొడవ, గమనించారా? బయటికి వెళ్ళినవాడు వెనక మిగిలినవాడికి ఎంత బాకీ అని. ఈ బాకీ ముడి విప్పకుండా ఎన్ని వేల ఎకరాల్లో అద్దాలు పరిచినా తగువు తెగదు.

విశాఖ_సాగరతీరం · ఆదివారం మధ్యాహ్నం 12:10

మాస్టారూ, మా దగ్గరా ఇదే. ఎక్కువ వాడే ఇళ్ళకి పై శ్లాబుల్లో రేటు ఎక్కువ, దాంతోనే తక్కువ వాడే ఇళ్ళకి చౌకగా ఇవ్వగలుగుతున్నారు. మేం సోలార్ పెట్టుకుని పై శ్లాబు నుంచి కిందికి దిగిపోతే డిస్కమ్‌కి మంచి గిరాకీ పోయినట్టే. మా పక్కింట్లో ఉండే డిస్కమ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు నవ్వుతూనే అన్నాడు, "మీ మేడ మీద ఎండ, మా లెడ్జర్‌లో చీకటి" అని.

కంకిపాడు_కోడలు · ఆదివారం మధ్యాహ్నం 12:45

ఇంత పెద్ద లెక్కల మధ్య నాదో చిన్న గోడు. సిటీలు కరెంటుతో ఆగలేదు, గ్యాస్ కూడా తీసేయించబోయాయి. బర్క్‌లీ 2019లో కొత్త ఇళ్ళకి గ్యాస్ కనెక్షన్ వద్దంది, కోర్టు 2023లో దాన్ని కొట్టేసింది. శాన్ హోసే కూడా కొత్త ఇళ్ళ విషయంలో 2019లోనే అదే బాట పట్టింది. 2023లో బే ఏరియా గాలి నాణ్యత సంస్థ గ్యాస్ వాటర్ హీటర్ల అమ్మకం మీద నిబంధన పెట్టింది. హీటర్ అయితే నాకేం బాధ లేదు, హీట్ పంప్ పెట్టించాం, నీళ్ళు బాగానే కాగుతున్నాయి. ఇండక్షన్ మీద పెసరట్టు కూడా బాగా వస్తుంది, ఇనప పెనం అయితే. కానీ వంకాయ కాల్చి పచ్చడి ఎలా చెయ్యాలి? పుల్కా మంట మీద పొంగకపోతే అది పుల్కానా?

మిల్పిటాస్_మూర్తి · ఆదివారం మధ్యాహ్నం 12:58

వంకాయకి ఓవెన్‌లో ఉండే బ్రాయిలర్. నూనె రాసి పైనున్న వేడి కడ్డీకి దగ్గరగా, ఇరవై నిమిషాలు, మధ్యలో తిప్పాలి. పొగ వాసన కాస్త తక్కువే, ఒప్పుకుంటా. మా ఆవిడ పెరట్లో చిన్న బొగ్గుల కుంపటి పెట్టింది. క్లీన్ ఎనర్జీ వాళ్ళు చూస్తే ఏడుస్తారు.

వరంగల్_పిల్ల · ఆదివారం మధ్యాహ్నం 1:15

కుంపటి మీద బొగ్గు, కారుకు కరెంటు. మస్తుంది మూర్తి అంకుల్.

నేను టోటల్‌గ్రీన్‌కు మారిన. నిజంగనే రెండు నిమిషాలే పట్టింది. మా రూమ్మేట్ "నీ ఒక్కదానితోటి ఏమైతది" అన్నది. కోడలక్క పాలకేంద్రం కథ చెప్పిన. ఆమెది బెంగాల్, "మా ఊర్లో కూడా ఉంటది" అని ఒప్పుకున్నది.

అల్మేడెన్_పాతకాపు · ఆదివారం మధ్యాహ్నం 2:00

కొత్తిల్లు గారూ, నిర్ణయించుకునే ముందు ఒక్క జాగ్రత్త. బయటికి వెళ్ళాలంటే ఎప్పుడైనా వెళ్ళొచ్చు. కానీ మొదటి అరవై రోజుల గడువు దాటాక వెళ్తే, మళ్ళీ ఒక ఏడాది దాకా తిరిగి రానివ్వరు. మీకు రెండు నెలలు అన్నారు కాబట్టి తేదీ చూసుకోండి. ఏది ఎంచుకున్నా సాయంత్రం 4 నుంచి 9 దాకా రేటు ఎక్కువ, ఇది ఇద్దరి దగ్గరా ఒకటే. కారు ఛార్జింగ్, బట్టలు, గిన్నెలు ఆ వేళకి అటో ఇటో జరపండి. బిల్లులో మీ చేతిలో ఉన్నది అదొక్కటే, మిగతాదంతా మనం పైన తిట్టుకున్న పేజీలదే.

బెర్రియెస్సా_కొత్తిల్లు · ఆదివారం రాత్రి 9:04

అందరికీ థ్యాంక్స్. ఉండిపోతున్నాం, గ్రీన్‌సోర్స్‌లోనే. టోటల్‌గ్రీన్ గురించి మా ఆవిడ వచ్చే బిల్లు చూసి చెప్తానంది. మేడ మీద సోలార్ ప్రస్తుతానికి పక్కన పెట్టాం, బ్యాటరీ ధరలు చూస్తూ ఉంటా.

నాన్నగారు మాత్రం డ్యూటీ ఎక్కేశారు. గుడివాడలో సాయంత్రం లోడ్ పెరిగితే ఏ ఫీడరు తీయాలో చూసుకోవడం ఆయన ముప్పై ఏళ్ళ పని. ఇవాళ నాలుగింటికి ఫోన్‌లో అలారం పెట్టుకుని ఇల్లంతా తిరిగి ఏసీ తగ్గించారు, కారు ప్లగ్ పీకేశారు, పిల్లల గదిలో లైటు ఆర్పారు. మా ఆవిడ డ్రైయర్ వేయబోతే "అమ్మా, తొమ్మిది దాకా ఎల్‌సీ ఇవ్వను" అన్నారు, లైన్ మీద పనికి ఇచ్చే అనుమతిని వాళ్ళ ఆఫీసులో అలా అంటారు. ఇప్పుడే తొమ్మిదయింది. కింద డిష్‌వాషర్, డ్రైయర్ రెండూ ఒకేసారి మొదలయ్యాయి, "ఒకటి తర్వాత ఒకటి!" అని కేకలు వినపడుతున్నాయి. వెళ్ళొస్తా.